జంట తివాచీల బేరం

తాలాయ్ వ్యాపారానికి పెట్టుబడి ఒక్కటే. ఒక ఫోటో.

బ్యాంకులో డబ్బు కట్టినట్టు చూపించే రసీదు ఫోటో అది. నెట్‌లో చేతిపనులు అమ్ముకునే ఆడవాళ్లను వెతికి, బేరం కుదిరాక అందులో పేరూ మొత్తమూ మార్చి పంపేవాడు. "డబ్బు వేసేశానక్కా, చూసుకో. బ్యాంకువాళ్లది నత్తనడక, సాయంత్రానికి పడుతుంది. సరుకు టాక్సీలో పంపించెయ్." పాపం, వాళ్లు పంపేవాళ్లు. సాయంత్రానికి డబ్బూ పడేది కాదు, వీడి నంబరూ పలికేది కాదు.

ఈసారి వల కొచ్కోర్ పట్నం అవతల కొండ ఊళ్లో ఉండే జూరకన్ అవ్వ మీద పడింది. అవ్వ ఉన్ని తివాచీలు చేస్తుంది. ఎర్ర ఉన్నీ నల్ల ఉన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి కత్తిరిస్తారు కాబట్టి అవి పుట్టడమే జంటగా పుడతాయి. ఒకటి ఎరుపు మీద నల్ల పొట్టేలు కొమ్ములు, ఇంకోటి నలుపు మీద ఎర్ర కొమ్ములు. తాలాయ్ ఎర్రది అడిగి, ఫోటో పంపాడు. మర్నాడు అవ్వ కోడలు సైరాగుల్ జవాబు రాసింది.

"జంటని విడదీయనంటోంది మా అత్తయ్య. రెండోదానికి కూడా డబ్బు వేసి, తీసుకెళ్లడానికి మీరే రావాలట. టాక్సీవాళ్ల చేతికి ఇవ్వదట. రేపు రండి. నేను బడి నుంచి మధ్యాహ్నం రెండింటికి వస్తాను. వచ్చాక బ్యాంకు లెక్క చూస్తాను."

తాలాయ్ ఎగిరి గంతేశాడు. ఇంకో ఫోటో పంపడం ఎంత పని! అవ్వకి ఫోను చూడ్డం రాదు. చూసే కోడలు రెండింటికి గానీ రాదు. ఆలోపు తివాచీలు కారులో పడితే చాలు.

చెప్పిన రోజు పదకొండుకల్లా అవ్వ గుమ్మంలో ఉన్నాడు.

"డబ్బు వేశానవ్వా, ఇదిగో రసీదు. తివాచీలిస్తే వెళ్తా."

అవ్వ ఫోను తలకిందులుగా పట్టుకుని చూసింది. "నాకేం తెలుస్తుంది నాయనా, నువ్వు వేశావంటే వేసినట్టే. ముందు లోపలికి రా. గడప దాకా వచ్చి రొట్టె ముట్టకుండా పోతావా?"

రొట్టె వద్దనేవాణ్ని ఆ కొండల్లో ఎవరూ నమ్మరు. వెళ్లాడు. తివాచీలు రెండూ నేల మీద పరిచి ఉన్నాయి. అబ్బ, ఏం తివాచీలు! వాటి మీదే గుడ్డ వేసి రొట్టె, మీగడ, టీ పెట్టింది అవ్వ. అతన్నీ వాటి మీదే కూర్చోబెట్టింది.

టీ కప్పు అడుగున కాస్తే పోసింది. అక్కడ నిండా పోస్తే ఇక వెళ్లిరమ్మని, కాస్తే పోస్తే ఇంకా ఉండమని అర్థం. తాలాయ్ ఆరు కప్పులు తాగాడు. ఒక్కటీ సగం దాటలేదు.

"మరి వస్తానవ్వా."

"ఎక్కడికి? నీకోసం గొర్రెని కోయించాను. తలకాయ నీకే!"

తలకాయ పెట్టడమంటే అక్కడ పెద్ద అతిథికి చేసే మర్యాద, కాదని లేస్తే అవమానం. ఇంకేం వెళ్తాడు! ఇంతలో ఒకావిడ తొంగి చూసింది. "ఇతనేనా?" "ఇతనేనమ్మా, రా, కూర్చో" అంది అవ్వ. ఆవిడ ఎర్ర తివాచీ మీద చతికిలబడింది. వెనకే చంటిపిల్లతో ఇంకొకావిడ. ఆ తర్వాత అక్కచెల్లెళ్లిద్దరు. రాజధాని నుంచి పెద్దమనిషి వచ్చాడంటే ఊరు ఊరంతా దిగేలా ఉంది!

"ఫోనులో డబ్బు కట్టావటగా! ఏదీ, చూపించు నాయనా" అంది చంటిపిల్ల తల్లి.

తాలాయ్ దర్జాగా చూపించాడు. ఫోను చేతులు మారింది. ఒక్కొక్కరూ కళ్లద్దాలు సర్దుకుని చూసి, తమ ఫోనులో కూడా ఏదో చూసుకుని, పక్కవాళ్ల చెవిలో గుసగుసలాడి కిసుక్కున నవ్వారు. పల్లెటూరివాళ్లకి ప్రతిదీ వింతేనని తాలాయ్ కూడా నవ్వాడు.

"పెళ్లయిందా అబ్బాయ్?" అడిగింది అక్క.

"ఇంకా లేదండీ."

"అయ్యో! ఇంక ఇప్పట్లో కాదులే!" అంది చెల్లెలు. గది గొల్లుమంది.

ఒంటిగంట దాటింది. తివాచీల మీద ఇప్పుడు తొమ్మిదిమంది. వాళ్లు లేస్తేగా వాటిని చుట్టేది! గొర్రె తల వచ్చింది. అతిథి ఆనవాయితీగా దాని చెవి కోసి చంటిపిల్ల చేతిలో పెట్టాడు, అందరూ మెచ్చుకున్నారు. అతనికి మాత్రం ముద్ద దిగడం లేదు, కళ్లు గడియారం మీదే.

రెండయింది. తలుపు తోసుకుని సైరాగుల్ వచ్చేసింది.

తాలాయ్ చేతిలో ఎముక పళ్లెంలో పెట్టేశాడు. బ్యాంకు చూస్తుంది, అయిపోయింది, దొరికిపోయాను! కానీ ఆ పిల్ల ఫోను జోలికే పోలేదు. నవ్వుతూ వచ్చి టీ పోసింది. "బాగా తింటున్నారా? మొహమాటపడకండి!"

బతికిపోయాను దేవుడా! అత్తకి తగ్గ కోడలు, ఇద్దరికిద్దరూ వట్టి అమాయకులు! తాలాయ్‌కి ఆకలి తిరిగొచ్చింది. ఇంకో ఎముక అందుకున్నాడు.

మూడింటికి ఒంటినిండా దుమ్ముతో ఇంకొకావిడ వచ్చింది. "బస్సు దొరకలేదమ్మా, ఆలస్యమైంది" అంటూ సరిగ్గా తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఆవిడా రసీదు చూసింది, తల పంకించింది.

తాలాయ్ చేతులు తుడుచుకుని లేచాడు. "అవ్వా, నీకు దణ్ణం పెడతా. మీ ఊరి ఆడవాళ్లంతా వచ్చి తినేశారుగా! ఇకనైనా తివాచీలు చుట్టించు."

అవ్వ గదంతా కలయజూసి బోసినోటితో నవ్వింది.

"మా ఊరివాళ్లా? వీళ్లలో ఒక్కరినీ నేను ఇవాళ్టిదాకా చూసి ఎరగను నాయనా. నీ రసీదు ఫోటో మా కోడలు నెట్‌లో పెడితే వెతుక్కుంటూ వచ్చారు, అందరూ నీకు సరుకు పంపినవాళ్లే!"