పన్నెండోవాడు

"అడుగో, మన పత్రిక కొనుక్కుపోయే తెల్లోడు!"

ఎవడో అరిచాడు. షికాగోలో నల్లవాళ్ళుండే సౌత్‌సైడ్‌లో 'మార్నింగ్ లైట్' పత్రికాఫీసు ముందు కాచుకుని ఉన్న గుంపు ఒక్కసారిగా అటు తిరిగింది.

కారు దిగిన ముసలాయన తెల్లగా, బక్కగా ఉన్నాడు. చంకలో కవరు.

మంగలి రూఫస్ చేతిలో అప్పటికే ఇటుక ఉంది.

నల్లవాళ్ళు పెట్టుకున్న పత్రిక తెల్లకంపెనీ పాలవుతోందని విన్నప్పటి నుంచి అతనికి తిండి సయించడం లేదు. సయించదు మరి! ముప్పై ఏళ్ళ కిందట మిసిసిపీలో తెల్లవాళ్ళ గుంపు అన్న ఈలైని వంతెనకు ఉరేస్తే, ఒక్క పేపరూ నోరు మెదపలేదు. ఈ పత్రికే వేసింది. థర్మన్ గేల్ అనే విలేకరి, చంపినవాళ్ళ పేర్లు పదకొండూ అచ్చు వేయించాడు. ఆ కాగితం ఇప్పటికీ రూఫస్ షాపులో అద్దం పక్కన పటం కట్టి ఉంది. గేల్ ముఖం మాత్రం ఎవరూ ఎరగరు. పత్రిక ఆయన ఫోటో ఏనాడూ వేయలేదు.

రూఫస్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ కవర్లో ఏముంది తాతా? మా మెడకి ఉరితాడా?"

"తప్పుకో నాయనా. నేనూ మీవాణ్ణే."

గుంపు గొల్లుమంది.

"విన్నార్రా! మనోడంట! పొద్దున్నే సున్నం పూసుకొచ్చాడు కాబోలు!"

ఒకడు తోశాడు. ముసలాయన మెట్ల మీద పడ్డాడు. ఎవడిదో బూటు డొక్కలో దిగింది. పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది. అయినా కవరు వదల్లేదు.

రూఫస్ ముఖంలోకి చూస్తూ, "మీవాళ్ళెవరు బాబూ?" అని అడిగాడు.

దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్ళు కొత్తముఖం కనబడగానే అడిగే మాట అది. ఆ నోట వినేసరికి రూఫస్ ఒళ్ళు మండిపోయింది.

"మావాళ్ళు కావాలా నీకు? టాలిస్ వంతెన దగ్గర మీరు ఉరేసిన ఈలై బీమన్ మా అన్న!"

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈలై తమ్ముడివా! ఆ రోజు నేనక్కడే ఉన్నాను బాబూ. ఆ గుంపులోనే..."

మాట పూర్తికాలేదు. ఇటుక కణతకు తగిలింది. మళ్ళీ తగిలింది. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"పన్నెండోవాడు!" రూఫస్ రొప్పుతూ అరిచాడు. "పేరు బయటపడకుండా తప్పించుకున్న పన్నెండోవాడు వీడే!"

తలుపు తోసుకుని సంపాదకురాలు వెర్లీన్ పరుగెత్తుకొచ్చింది. రక్తం ఓడుతున్న ఆ తలను తన నల్లటి చేతులతో ఒళ్ళోకి తీసుకుంది.

"ఎంతపని చేశార్రా! పత్రికలో వాటా ఉన్న ఈయన సంతకం లేకుండా అమ్మడం కుదరదు. చచ్చినా సంతకం పెట్టనని రాసి తెచ్చాడ్రా!"

"తెల్లోడికి మన పత్రికతో ఏం పని?" అన్నాడు రూఫస్.

"తెల్లోడా! మా పెద్దమ్మ కొడుకురా! పుట్టుకతో వచ్చిన ఈ తెల్లతోలు చూసి ఆ హంతకులు కూడా తమవాడే అనుకునేవాళ్ళు. పక్కన నిలబెట్టుకుని పేర్లు చెప్పుకునేవాళ్ళు."

రూఫస్ చేతిలోంచి ఇటుక జారిపోయింది.

ఆవిడ ఇక అతని వైపు చూడలేదు. ముసలాయన చెంపలు తడుతూ, "లే, థర్మన్ అన్నయ్యా, లే" అంటూనే ఉంది.