క్షమాపణల ఆదివారం

నెవ్యానాను చంపింది ఆమె కన్నకూతురే. ఈ విషయంలో నెవ్యానా భర్త స్తామెన్‌కు ఇక తేల్చుకోవలసింది ఏమీ లేదు.

గేటు బయట అలికిడి విని అతను విసురుగా మెట్లు దిగాడు. హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు, ఓ గుంపు. ఆ ఉదయమే బుర్గాస్ నుంచి తర్నోవో కోట చూడటానికి వచ్చారు. జివ్కో అనే కుర్రాడి సంచి తగిలి, ఆ ఊళ్ళ ఆనవాయితీ ప్రకారం గేటుకు అతికించిన వర్ధంతి కాగితం చిరిగింది. నెవ్యానా ఫొటో, పక్కన రెండు జడల చిన్నపిల్ల ఫొటో బాగానే ఉన్నాయి. పిల్ల పేరు మాత్రం చిరుగులో పోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయిరా? చచ్చినవాళ్ళ కాగితం కనబడలేదూ?"

"చూసుకోలేదు తాతా."

"కోట అటుంటే ఈ సందులోకి ఎందుకని అంటూనే ఉన్నా," అంది రలిత్సా. "దిమోవా టీచరే ఇటు నడిపించారు."

వెనక నుంచి టీచర్ ముందుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి. ముఖం పాలిపోయి ఉంది. "తప్పు నాదే. పిల్లల్ని చూసుకోవలసింది నేను."

"జిగురు డబ్బా అదిగో, కిటికీలో ఉంది. పట్రా," అన్నాడు స్తామెన్ జివ్కోతో.

కాగితం అంచు పట్టుకోబోయింది టీచర్. "నువ్వు పట్టుకో అమ్మాయ్," అని అతను రలిత్సాను పిలిచాడు.

"ఈ పాప ఎవరు తాతా?"

"కూతురు."

"ఇంత చిన్నప్పుడే పోయిందా?"

"పెద్దదయ్యాకే. నా దగ్గరున్న ఫొటో ఇదొక్కటే."

"ఇద్దరికీ ఒకే తేదీ ఉందే! కారు ప్రమాదమా?" అన్నాడు జివ్కో.

"కాదు. తల్లి మంచాన పడి దాని కోసమే కలవరించింది. కబురు పెట్టినా రాలేదు."

"దారిలో ఏమైనా అయిందా?"

"తల్లి కన్ను మూసిన రోజే అదీ చచ్చింది. సరిగ్గా పట్టుకో, వంకరపోతోంది."

టీచర్ తల వంచుకుంది.

కింద చర్చి గంట మోగింది. జివ్కో టోపీ తీశాడు. "తాతా, ఇవాళ క్షమాపణల ఆదివారం. నన్ను క్షమించు." వంగి అతని చేతిని ముద్దుపెట్టుకున్నాడు.

స్తామెన్ వాడి తలమీద చెయ్యి వేశాడు. "క్షమించాను. దేవుడూ క్షమించాలి."

"నేనేం చింపలేదు గానీ, నన్నూ క్షమించెయ్యి తాతా," అంది రలిత్సా. అందరూ ఒక్కొక్కరే వచ్చారు. అతను ఎవరినీ కాదనలేదు.

చివరికి టీచర్ కరిగిన మంచులో మోకాళ్ళమీద కూర్చుంది.

"టీచర్, బట్టలు తడుస్తాయి!"

"నన్ను క్షమించండి," అని ఆమె చెయ్యి చాచింది.

స్తామెన్ తన చేతిని కోటు జేబులో దూర్చాడు.

"తాతా! ఇవాళ అడిగినవాళ్ళని కాదనకూడదు!" అంది రలిత్సా.

"చింపింది నేనైతే ఆవిడ మీద కోపమేంటి?" అన్నాడు జివ్కో.

"ఒక్క మాట అనండి. లేకపోతే ఇక్కణ్ణుంచి లేవను," అంది టీచర్.

అతను లోపలికి నడిచి గేటు గడియ వేశాడు. కమ్మీల మధ్య నుంచి రలిత్సా వైపే చూస్తూ అన్నాడు:

"మీ టీచర్‌తో చెప్పు అమ్మాయ్. నేను బతికున్నంత కాలం ఈ ఊసు ఎత్తొద్దు.

చచ్చిన కూతురితో నేను మాట్లాడను."