పార్కు వెనక వీధిలో ఇల్లు

సంతకం పెట్టే ముందు చదువుకొమ్మని గురుప్రసాద్ రెండుసార్లు చెప్పాడు. ప్రమీలమ్మ చదవలేదు.

"నువ్వు రాసిందాంట్లో నేను చదివేదేముందప్పా. యాడ పెట్టాల?"

"అయినా చెప్తాండా, ఇనక్కా. ఆరు నెలల దాకా నా ద్వారానే ఇల్లు కొనాల. ఇంకో ఏజెంటుతో మాట్లాడకూడదు. ఓనరే నేరుగా వచ్చి ఇస్తానన్యా తీసుకోకూడదు. ఒప్పుకుంటే నాకు కమీషన్ కూడా వద్దు."

"సరే" అని ఆమె సంతకం పెట్టింది.

ప్రమీలమ్మ ఆళ్లగడ్డలో ఒక ఆసుపత్రిలో నర్సు. వచ్చే ఏడు రిటైరవుతుంది. చిన్న వయసులోనే తల్లి పోయి, సంసారం నెత్తిన పడి, పెళ్లి ఊసు లేకుండానే తల నెరిసింది. ఇన్నేళ్లూ అద్దె ఇళ్లే. "మీరేమోళ్లు?" అని అడిగిన ప్రతి ఓనరుకూ నిజమే చెప్పేది. చెప్పగానే చాలామందికి ఉన్నట్టుండి ఎవరో బంధువు గుర్తొచ్చేవాడు. ఇల్లు ఆ బంధువుకే ఇవ్వాలనేవారు. ఇక మిగిలిన రోజులు సొంత గడపలో, అదీ నంద్యాలలో గడపాలని ఆమె పట్టుదల.

"ఆళ్లగడ్డలోనే చవగ్గా వస్తాయి కదక్కా" అన్నాడు గురుప్రసాద్.

"ఆళ్లగడ్డలో నాకెవరుండారు?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గురుప్రసాద్ కొన్నేళ్లు బెంగళూరులో ఉండి వచ్చి నంద్యాలలో ఈ వ్యాపారం పెట్టాడు. మాట నెమ్మది. మడత నలగని తెల్లచొక్కా, నుదుట సన్నని కుంకుమ బొట్టు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె నంద్యాల బస్సెక్కి వస్తే, బస్టాండు బయట కారు పెట్టుకుని ఎదురుచూసేవాడు. ఆఫీసుకు మాత్రం ఎప్పుడూ రమ్మనలేదు.

అతను చూపించిన ఇళ్లన్నీ ఊరి చివరే. ఒకచోట కుందూ నది నీళ్లు కిటికీ దాకా వచ్చిన మరక గోడ మీద ఇంకా ఉంది. ఇంకోచోట రైసుమిల్లు ఊక ఎగిరొచ్చి వంటగదిలో పడుతోంది. మరోచోట మేడమెట్లు ఎక్కేసరికే ఆమె మోకాళ్లు పట్టేశాయి.

మధ్యాహ్నం కారులోనే ఆమె డబ్బా విప్పింది. జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు. నువ్వూ తినమంటే గురుప్రసాద్ వద్దనలేదు. వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. తిన్నాక వక్కపొడి నమిలి, చొక్కా ఎత్తి వాసన చూసుకున్నాడు.

"యాడ ఉంటాండావు?" అని అడిగింది.

"ఆఫీసు రూములోనేక్కా. ఒక్కనికి అది చాలదా?"

"పార్కు వెనక వీధిలో ఇండ్లు బాగుండాయంట కదా. చర్చి కూడా దగ్గరంట."

కారు తాళం తిప్పబోతున్న చెయ్యి ఆగింది.

"ఆ వీధి మనకు పడదక్కా. అంతా షావుకార్లు. మీ మాదిరోళ్లను రానీరు."

ప్రమీలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మాట వినడం ఆమెకు కొత్త కాదు. ఈ నోటి నుంచి వినడమే కొత్త.

వేసవి చివర్లో సుబ్బలక్ష్మి అనే పెద్దావిడ అహోబిలం మెట్ల మీద జారి, కాలు విరిగి, ఆళ్లగడ్డ ఆసుపత్రిలో చేరింది. ఆమెది నంద్యాల. పార్కు వెనక వీధిలోనే ఇల్లు. అది అమ్మేసి కర్నూలులో కూతురి దగ్గరికి పోదామనుకుంటోంది.

"ముందే చెప్తాండామ్మా, మేము..." అని ప్రమీలమ్మ మొదలుపెట్టింది.

"నాకెందుకమ్మా అదంతా? కన్నబిడ్డ చేయని సేవ చేసినావు నువ్వు. నీకు గాక ఇంకెవరికిస్తా?" అంది సుబ్బలక్ష్మి.

ప్రమీలమ్మ ఆ పూటే గురుప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఏ ఇల్లో చెప్పింది.

"వద్దక్కా."

"ఏందీ, ఎందుకు వద్దు?"

"ఒప్పందం ఉంది కదా."

"నీ ద్వారానే జరిపించు. నీ కమీషన్ నువ్వు తీసుకో."

"దుడ్ల కోసం కాదక్కా" అన్నాడు. ఫోన్ కట్టయింది.

సుబ్బలక్ష్మి ఇంటికి చేరిన కొన్నాళ్లకు ప్రమీలమ్మ అడ్వాన్సు పట్టుకుని నంద్యాల వెళ్లింది. పెద్దావిడ చేతికర్ర ఊతంతో వచ్చి గేటు సగమే తెరిచింది.

"ఏమనుకోవాకమ్మా. ఆ గురుప్రసాద్ వచ్చి, నువ్వు సంతకం పెట్టిన కాగితం చూపించినాడు. నీకమ్మితే ఇద్దర్నీ కోర్టుకు లాగుతానన్యాడు. ఈ వయసులో నేను కోర్టుల చుట్టూ యాడ తిరిగేది? వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకుంటి."

ప్రమీలమ్మ అడ్వాన్సు డబ్బు మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఆయప్పనే అడుగు పో. ఉండేది ఎదురింట్లోనే. భాస్కరయ్య శెట్టి అల్లుడు" అంది సుబ్బలక్ష్మి.

"అల్లుడా?"

"పూజిత మొగుడు. పెండ్లయి మూడేండ్లాయె."

ప్రమీలమ్మ వీధి దాటింది. ఎదురింటి వరండాలో ఒకామె పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తోంది. ఆమే పూజిత. పాప ప్రమీలమ్మను చూసి నవ్వింది. ప్రమీలమ్మ చెయ్యి పాప వైపు సగం దాకా లేచి ఆగిపోయింది.

గుమ్మంలోకి వచ్చిన గురుప్రసాద్ అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరండీ ఈమె?" అని పూజిత అడిగింది.

"ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. క్లయింటు" అన్నాడు తల వంచుకుని.

"నిజమేనామ్మా? ఏమన్నా పని మీద వచ్చినారా?" అంది పూజిత మర్యాదగా, లేచి కుర్చీ జరుపుతూ.

"అవునమ్మా, క్లయింటునే" అంది ప్రమీలమ్మ, తల్లి లేని ఇంట్లో ఏలీయా అని పిలుచుకుంటూ చంకనేసుకుని సాకిన తన తమ్ముడి వైపు చూడకుండా.