టక్కుమన్న రికార్డు

సూది వాలగానే పాటతో పాటు మళ్లీ అదే టక్కుటక్కు.

నవనీతకు ఒళ్లు మండిపోయింది.

కట్టంగూర్ బడిలో ఆమె ఫిజిక్స్ టీచరు. ఈసారి బడి బతుకమ్మకు డీజే వద్దని, పాతకాలం రికార్డు వినిపిస్తానని అందరి ముందూ గొప్పగా చెప్పేసింది. ఆట ఇవాళ మధ్యాహ్నమే. పాట సరిగా రాకపోతే డీజేను పిలిపిస్తానని హెడ్మాస్టరు నవ్వుతూనే అన్నాడు గానీ, అన్నంత పనీ చేసే మనిషి.

రికార్డు, దాన్ని తిప్పే మిషను మైకుసెట్ల జుల్ఫికర్‌వి. పొద్దున్నుంచీ నవనీత అతని షాపులోనే ఉంది.

రికార్డులో పాట నింపేటప్పుడు బేస్, అంటే బొంగురు ధ్వని తగ్గించి, ట్రెబుల్, అంటే సన్నని ధ్వని పెంచుతారు. వినేటప్పుడు దాన్ని మళ్లీ తిరగేయాలి. అందుకోసం ఆమె కరెంటు అక్కర్లేని చిన్న సర్క్యూట్ లెక్కకట్టి తయారుచేసింది. కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు, అంతే. పాట చక్కగా కుదిరింది. ఈ టక్కుటక్కు ఒక్కటే పోలేదు.

గీతలు పడ్డాయనుకుంది. ట్రెబుల్ ఇంకా తగ్గించడానికి మరో కెపాసిటర్ అతికించింది.

టక్కు పోయింది. పాట మాత్రం దుప్పటి కప్పుకుని పాడినట్టు తయారైంది.

షాపు నీడలో గునుగుపూల గంపతో బస్సు కోసం కూర్చున్న ముసలామె లోపలికి తొంగిచూసింది.

"బిడ్డా, చప్పట్లేడబోయినయ్?"

"అవి చప్పట్లు కావమ్మా, గీతలు."

"చప్పట్లు లేకుంట బతుకమ్మ పాటేంది? జర మల్ల పెట్టు."

వదిలేలా లేదని నవనీత ఆ కెపాసిటర్ పీకేసి సూది పెట్టింది. ముసలామె లేచి, నడుం వంచి పాటతో పాటు చప్పట్లు కొట్టసాగింది. ప్రతి టక్కూ ఆమె అరచేతుల్లోనే పడింది. చరణం చివర ఆమె చేతులు ఆగితే అదీ ఆగింది. ఆమె మొదలుపెడితే అదీ మొదలైంది.

గీత అయితే రికార్డు తిరిగినప్పుడల్లా పడుతుంది, అలా ఆగదు కదా.

నవనీత తెల్లబోయింది. ఆ వెంటనే పట్టలేనంత నవ్వొచ్చి తనూ చప్పట్లు కొట్టింది. జుల్ఫికర్ బల్ల మీద దరువేశాడు. ఇరుకు షాపులో ముగ్గురికీ పండగ వచ్చేసింది.

పాట సగంలో నల్లగొండ బస్సు వచ్చి ఆగింది.

"గుర్వమ్మా, పొద్దెక్కుతాంది, ఎక్కు," అన్నాడు ఎరిగున్న కండక్టర్.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. బడికి రమ్మని పిలవనైనా లేదే అని నవనీత నొచ్చుకుంది.

మధ్యాహ్నం బడి ఆవరణంతా పాట మోగింది. గొంతు తేటగా, చప్పట్లు ఫెళఫెళమంటూ. ఆడపిల్లలు బతుకమ్మల చుట్టూ తిరిగారు. హెడ్మాస్టరు కూడా చప్పట్లు కొట్టాడు, తాళం తప్పినా సరే.

రికార్డు చివరిదాకా వినడం నవనీతకు అదే మొదటిసారి.

పాట అయిపోయింది. అందులో చప్పట్లు మాత్రం ఆగలేదు. వాటి వెనక, పాడినామె నవ్వు సన్నగా, స్పష్టంగా వినిపించింది.

"పాటైపోయిందే గుర్వమ్మా, ఇగ ఆపు పిల్లా."

గీతలనుకుని నవనీత తుడిచేయబోయింది, పొద్దున పూలగంప ఎత్తుకుని బస్సెక్కిపోయిన ఆ చేతులనే.