సున్నా మీటర్ల దూరంలో

"సంతకం పెడతావా, సంఘంలోంచి పేరు కొట్టేయమంటావా?"

సంఘం నడిపే మాస్టారు కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశారు. యాప్ కాపీ కొట్టినందుకు క్షమాపణ చెబుతున్నామనీ, ఈ సాయంత్రంలోగా దాన్ని తీసేస్తామనీ అందులో రాసి ఉంది.

"కాపీ కొట్టింది వాళ్లు. క్షమాపణ నేను చెప్పాలా?" అంది మొండి. సంఘంలో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు.

హాల్లో నలభై మంది ఉన్నారు. అందరూ ఫోన్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లే. నెలకోసారి ఇక్కడ కూడతారు. ఒకరు రాసింది ఇంకా పచ్చిగా ఉండగానే అందరి చేతుల్లో పెట్టి, ఎక్కడ చెడిందో చూసిపెట్టమంటారు. అంత నమ్మకం. ఆ నమ్మకంతోనే మొండి కూడా నాలుగు నెలల క్రితం తన యాప్‌ను వీళ్ల చేతుల్లో పెట్టింది. కుళాయి కారినా, కరెంటు పోయినా దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను చూపించే యాప్. రెండు నెలలు తిరక్కుండా ఓ పెద్ద కంపెనీ అచ్చం అలాంటిదే విడుదల చేసింది. ఇప్పుడు దొంగ మొండేనట.

ఆ కంపెనీ మేనేజర్ ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వెనక గోడకు కంపెనీ బ్యానర్ కొత్తగా వేలాడుతోంది. ఈ నెల నుంచి హాలు, కుర్చీలు, కాఫీ అన్నీ కంపెనీవే.

"మా దగ్గర నాలుగు వేల మంది మెకానిక్‌లున్నారమ్మా," అన్నాడతను. "మావాళ్లు ఒక్కొక్కరి షాపుకూ వెళ్లి, మాట్లాడి, నంబరు రాసుకొచ్చారు."

"ఏ కాళ్లతో వెళ్లారు సార్? మా వదినకు మూడు జతల చెప్పులు అరిగాయి. మీవాళ్లకు ఎన్ని అరిగాయి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనే ఉన్న వదిన సిగ్గుపడి కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. మొండి పెట్టిన కంపెనీలో మొత్తం మనుషులు ఇద్దరే. వీధులన్నీ తిరిగి పేర్లు తెచ్చేది వదిన, కోడ్ రాసేది మొండి. ఆఫీసు ఇదే బిల్డింగ్‌లో, మెట్ల కింద గది.

"సాక్ష్యం చూపించమ్మాయ్," అన్నారు మాస్టారు. "మీ వదిన రాసుకొచ్చిన కాగితాలేవీ?"

"కంప్యూటర్లోకి ఎక్కించాక చించేశాం. అంతమంది నంబర్లు చెత్తబుట్టలో పెట్టుకుని కూర్చోమంటారా? కోడ్ మీద తేదీలున్నాయిగా, చూడండి."

"తేదీలు వెనక్కి జరపడం ఈ హాల్లో రానిదెవరికి? అందరికీ నేర్పింది నేనే."

"నాకూ మీరే నేర్పారు మాస్టారూ. తల వంచడం మాత్రం నేర్పలేదు. ఆ పాఠం ఎప్పుడు మొదలెట్టారు, ఈ బ్యానర్ కట్టాకా?"

మాస్టారి ముఖం కందగడ్డయింది. "సంతకం పెట్టకపోతే రేపే వీళ్లు యాప్ స్టోర్‌కు ఫిర్యాదు చేస్తారు. యాప్ ఎలాగూ పోతుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో నీతో కలిసి పనిచేసేవాడు ఒక్కడుండడు. నీ మంచికే చెబుతున్నా."

"పెట్టెయ్యవే," వదిన గొణిగింది. "ఇంకోటి రాసుకుందాం."

"దాన్నీ ఎత్తుకెళ్తారు వదినా. అప్పుడూ పెట్టనా?"

మొండి కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపింది. మేనేజర్ ముందున్న కాఫీ కప్పులో కుక్కింది. కాఫీ పొర్లి బల్లంతా పారింది. "పీకేసుకోండి నా పేరు. నలభై మంది కూర్చున్నారు, ఒక్కరికీ నోరు పెగల్లేదు. రేపు మీది పోయినప్పుడు కూడా ఇలాగే ఊదుకుంటూ తాగండి ఈ కాఫీ."

వదిన హడావిడిగా రుమాలు తీసి, తల వంచుకుని బల్ల తుడవసాగింది.

అంతలో తల మీద ఫ్యాన్ కీచుమని మూలిగి ఆగిపోయింది. ఎవరో స్విచ్ రెండుసార్లు టకటకలాడించినా కదల్లేదు. మేనేజర్ నవ్వుతూ లేచాడు.

"మంచిదే అయింది. మాటలెందుకు, పని చూపిస్తా." తన ఫోన్‌ను హాలు తెరకూ, స్పీకర్లకూ కలిపాడు. కంపెనీ యాప్ తెరిచి ఫ్యాన్ రిపేర్ నొక్కాడు. తెర మీద జాబితా వచ్చింది. అన్నిటికన్నా పైపేరు చదివాడు. "ఫ్యాన్ల బాబాయ్. ముప్ఫై ఏళ్ల అనుభవం. దూరం సున్నా మీటర్లు. చూశారా, ఈ బిల్డింగ్‌లోనే ఉన్నాడు!"

మొండి నోరు టక్కున మూతపడింది.

"ఏమ్మా, ఇందాకటి నుంచి అంత గొంతు చేశావు, ఇప్పుడు మాట పడిపోయిందేం?"

"ఈయన్ని కూడా మీవాళ్లు స్వయంగా కలిశారా సార్?"

"మావాళ్లేంటి, నేనే కలిశాను. షాపులో కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చాడు. పాపం, చాలా మంచి మనిషి."

"అయితే చెయ్యండి ఫోన్," అంది మొండి.

మేనేజర్ కాల్ నొక్కాడు. హాలంతా రింగు మోగింది.

వదిన తుడవడం ఆపి, భుజాన ఉన్న సంచిలోంచి ఫోన్ తీసి చెవిన పెట్టుకుంది. "హలో" అని, అవతల "ఫ్యాన్ల బాబాయేనా?" అని వినపడగానే దాన్ని అరచేత్తో మూసి మొండి వైపు తిరిగి విసుక్కుంది. ఆ విసుగు నాలుగు మూలల స్పీకర్లలోంచీ నలభై మందికీ వినిపించింది:

"ఇదుగో, మళ్లీ ఎవరో ఫ్యాన్ల బాబాయ్ కావాలట! టెస్టింగ్ కోసమని నా నంబరిచ్చి పుట్టించావే, ఆ లేని మనిషిని తీసెయ్యవే తల్లీ అని నాలుగు నెలల నుంచీ మొత్తుకుంటున్నా, వింటేగా నువ్వు!"