కొత్త కవరుకు కత్తెర

కొత్త కవరు మీద కత్తెర పడగానే వేణు ప్రాణం గిలగిల్లాడింది. చేతిలోని చాయ్ గ్లాసు బండ మీద పెట్టేసి ఒక్క ఉరుకున తన పికప్ బండి దగ్గరికొచ్చాడు. అప్పటికే సీటు కవర్లు వేసే ముసలి మొగులప్ప డ్రైవరు సీటు కవరుకు ఎడమ పక్కన బెత్తెడు కోత పెట్టేశాడు.

"కాకా, ఏం జేస్తున్నవ్? గది పట్నం నుంచి తెచ్చిన కవరు."

"బెల్టు లాకు బయటికి రావాలె గద," అన్నాడు మొగులప్ప తలెత్తకుండా.

వేణుకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! బండి కొని పది రోజులు కాలేదు. ఎరుపూ నలుపూ కలిసిన కవర్లు పట్నంలో నాలుగు దుకాణాలు తిరిగి ఏరుకొచ్చాడు. ఏం చెయ్యాలో పొద్దున్నే ఒకటికి రెండుసార్లు చెప్పాడు కూడా. అదేమంత కొత్త పని కాదు, నారాయణఖేడ్‌లో పికప్ ఉన్న ప్రతివాడూ చేయించుకునేదే. బెల్టు పెట్టుకోలేదని బండి కుయ్యోమని మొత్తుకోకుండా లాకులో ఉత్త క్లిప్పు ఒకటి గుచ్చేస్తారు. దాని మీదుగా కవరు లాగి సీటు కింద తాళ్లు బిగించేస్తారు. లాకు ఎవరి తొడకూ గుచ్చుకోదు, సీటు ముడత లేకుండా నున్నగా ఉంటుంది. ఇదంతా చెబుతుంటే మొగులప్ప ఊ కొట్టాడు. ఊ కొట్టినవాడు ఇప్పుడీ నిర్వాకం చేశాడు.

రేపు భార్య రజితను తొలి కాన్పుకు కల్హేర్‌లో పుట్టింటికి తీసుకుపోవాలి. మా బండి చూస్తే మీ వాళ్ల కళ్లు తిరుగుతయ్ అని వారం నుంచి ఊరిస్తున్నాడు. కోసిన సీట్లో ఆమెను కూర్చోబెట్టి ఆ ఊళ్లోకి ఏ మొహంతో పోవాలి? కవర్లు తీసెయ్యమన్నాడు, జహీరాబాద్‌లో వేయించుకుంటానన్నాడు, ఇంకా నోటికి వచ్చినవి నాలుగు అన్నాడు. ముసలాయన చెవిటివాడిలా అటు తిరిగి పక్క సీటు దగ్గరికి పోయాడు. వేణు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు. అది పుల్లలా ఉంది.

"గీ సీట్ల ఎవరు కూసుంటరు?" అడిగాడు మొగులప్ప.

"నా పెండ్లాం. ఏడో నెల."

"అయితే గిదిగూడ కొయ్యాలె. తిట్టు, కొట్టు, పైసలియ్యకు. లాకు మాత్రం నేను ముయ్య."

పక్కన చాయ్ కొట్టు హన్నమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. వేణును పక్కకు పిలిచి మెల్లగా సంగతి చెప్పింది. మొగులప్పకు ఒక్కడే కొడుకు, దుర్గేశ్. రెండేళ్ల కిందట పికప్ తోలుకుని కంగ్టి రోడ్డున వస్తుంటే బర్రె అడ్డమొచ్చింది. తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దాడు. బండికి పెద్దగా దెబ్బే తగల్లేదు, మనిషి మాత్రం ఎగిరి అద్దానికి కొట్టుకున్నాడు. బెల్టు లేదు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటి నుంచి ముసలాయన ఎవరి బండికీ లాకు మూసి కవరు వెయ్యడు. గిరాకీలు తిట్టుకుంటూ వేరే దుకాణాలకు పోతున్నారు, పోతే పోనీ అంటాడు. పెళ్లాం సంతకు పోయి ఏదో అమ్ముకొస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతోందని హన్నమ్మ కళ్లు ఒత్తుకుంది.

వేణు కోపం చప్పబడిపోయింది. చెయ్యి పట్టుకున్నందుకు సిగ్గేసింది. తిరిగొచ్చి, కొయ్యి కాకా అన్నాడు.

మొగులప్ప రెండో సీటు కవరుకూ కోత పెట్టాడు. కోసిన అంచులు లోపలికి మడిచి, నల్ల దారంతో చేత్తోనే కుట్టాడు. ఎంత సన్నని కుట్టంటే, కంపెనీవాళ్లే అక్కడ సందు పెట్టి పంపారేమో అనిపించింది వేణుకు. అన్యాయంగా నోరు పారేసుకున్నానే అని మనసు చివుక్కుమంది.

పనయ్యాక ముసలాయన వేణును డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. బెల్టు లాక్కోమన్నాడు. లాకులో అది టక్కున పడగానే తానే పట్టీని ఒకసారి గుంజి చూశాడు, మళ్లీ ఇంకోసారి గుంజాడు. పక్క సీటుకూ అట్లాగే చేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వేణు బండి దిగి ఆయన భుజం మీద చెయ్యేశాడు. ఇంత చేసిన మనిషికి ఓ మంచి మాటైనా చెప్పకుండా ఎట్లా పోవడం?

"రంది వెట్టుకోకు కాకా. పోరగాళ్లు చెప్తే ఇంటరా? బెల్టు పెట్టుకుంటే నీ కొడుకు బతుకుతుండె. వాడు చేసుకున్నదానికి నువ్వేం జేస్తవ్?"

మొగులప్ప తల అడ్డంగా ఊపాడు.

"వాన్ని ఏమనకు బిడ్డా. బెల్టు లేంది బండి తోలనని కోడలికి మాటిచ్చిండు. పట్టీ గుంజి ఛాతీకి అడ్డం ఏసుకున్నడు. కొస తొడ కింద వెట్టుకొని కూసున్నడు. తలుపు తీసినోల్లు చెప్పిన్రు."

వేణుకు అర్థం కాలేదు. అంత దాకా లాక్కున్నవాడు దాన్ని లాకులో ఎందుకు పెట్టలేదని అడిగాడు.

మొగులప్ప తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

"లాకు మీద కవరు గుంజి కట్టింది నేనే."