వాటా లేని మేడ

"ఇందులో నీకు వాటా వద్దులేరా," అన్నాడు బావ.

బావమరిది తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసి పాత ఇళ్లు కొంటున్నారు, బాగుచేయించి అమ్ముతున్నారు. లాభమొచ్చినా నష్టమొచ్చినా చెరిసగం. ఇలాంటి మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఉదయం నుంచి తిరుగుతున్నారు. ఇది నాలుగో బేరం. మెట్లెక్కి దిగి కాళ్లు పీక్కుపోతున్నాయి. మూడంతస్తుల మేడ. కింద దర్జీ కొట్టు, పైన రెండు కుటుంబాలు. గోడలకు కొత్త రంగు. దర్జీ కుర్చీ వేసినా బావ లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి, మేడను కిందినుంచి పైదాకా చూసి, చెమట తుడుచుకున్నాడు. ఓనరు చెప్పిన ధరకే సరేనన్నాడు.

చెప్పుల జత కూడా బేరమాడకుండా కొనని మనిషి!

"రోడ్డు వెడల్పు చేస్తారని నీకెవరో ఉప్పందించినట్టున్నారే," అన్నాడు బావమరిది వెటకారంగా.

"అదేం లేదు. ఇది మునిగే బేరం. నువ్వు మునగొద్దు."

"మునుగుతుందని తెలిసీ ఎవరైనా దూకుతారా? నా చెవిలో పువ్వు పెట్టకు బావా."

బావ అడ్వాన్సు డబ్బు తీసి ఓనరు చేతిలో పెట్టాడు.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయమన్నాడు. వారం కూడా గడువివ్వలేదు. ఆర్నెల్ల అద్దె చేతిలో పెట్టి, సామాన్లకు బండి తనే మాట్లాడాడు. పైనున్న రెండు కుటుంబాలూ పిల్లల్ని వెంటేసుకుని సణుక్కుంటూ వెళ్లిపోయాయి. దర్జీ మాత్రం దుమ్మెత్తిపోశాడు.

"ఇరవయ్యేళ్ల కొట్టండీ! మీరు కొత్తగా కట్టుకునే షాపుల కోసం మా పొట్ట కొడతారా?"

బావ తల వంచుకుని కుట్టుమిషనుకు ఒక పక్క చెయ్యేశాడు.

ఆ వారమే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ ఇల్లు తాకట్టు పెట్టార్రా. ఎందుకంటే నోరు విప్పరు. అన్నం సరిగ్గా తినరు. నువ్వైనా కనుక్కో."

బావమరిదికి ఒళ్లు మండింది. ఇల్లు తాకట్టు పెట్టేంత లాభం ఉందన్నమాట! ఇన్నేళ్లూ వెంట తిప్పుకుని, తీరా అసలు బేరం తగిలేసరికి తనను కరివేపాకులా తీసి పారేశాడు. కోపం కన్నా నీరసమే ఎక్కువొచ్చింది. సొంత మనుషులతో తగవు పెట్టుకోవడానికి కూడా ఓపిక కావాలి.

మూడు వారాలు ఆగాడు. ఆ తర్వాత భాగస్వామ్య పత్రం జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

మేడ పై అంతస్తులు అప్పటికే దించేశారు. కింది స్తంభాలు మాత్రం మిగిలాయి. చుట్టూ తాడు కట్టారు. ఎదుటి అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు. నెలలోనే పదేళ్లు మీదపడినట్టున్నాడు.

బావమరిది పత్రం తీశాడు. "చింపేద్దామా?"

"నీ ఇష్టంరా."

అప్పుడే కూలీ మూల స్తంభం మీద సమ్మెట వేశాడు. ఒక్కటే దెబ్బ. స్తంభం పొడిపొడిగా రాలిపోయింది. కూలీ వెనక్కి దూకాడు.

"అమ్మో! ఇన్నాళ్లూ ఇది దేనిమీద నిలబడిందయ్యా?"

బావమరిది వెళ్లి ఒక పెళ్ల తీసుకుని నలిపాడు. వేళ్ల మధ్య నుంచి ఇసుక జారిపోయింది. పై వాటాల్లో పరుగులు పెట్టిన పిల్లలు కళ్లముందు కదిలారు. చేతిలో పత్రం ఉందన్న సంగతే మర్చిపోయాడు.

"పైకి చిన్న పగులైనా లేదే! మేడను చూసిన ఇంజినీరు కూడా దిట్టంగా ఉందన్నాడు. నీకెలా తెలిసింది బావా?"

బావ అరుగు దిగి వచ్చి ఆ ఇసుకను గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"మీ అక్కను చేసుకోకముందు, ఈ స్తంభాల్లో పోయాల్సిన సిమెంటును అమ్ముకున్న మేస్త్రీని నేనేరా."